అమ్మానాన్నల చేత, చుట్టాల చేత లినక్స్ వాడించడం ఎలా?

మీ ప్రశ్నని ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. మీది విజయవాడ పటమట. కొన్నేళ్ళుగా లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వాడుతున్నారు. నాన్నగారు రిటైరైన టీచరు. సత్యనారాయణపురంలో మీ పిన్నిగారు పచ్చళ్ళ వ్యాపారం చేస్తారు. బావగారికి గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు ఉంది. ముగ్గురివీ విండోస్ 10 ల్యాప్‌టాప్‌లే, వాటిలో విండోస్ 11 ఎక్కడం లేదు. "లినక్స్ వేసుకోండి, ఉచితం, వైరస్ రాదు" అని మీరు ఎంత చెప్పినా, "ఆ కంప్యూటర్ చదివినవాళ్ళ గోల మాకెందుకు" అంటున్నారు. ఎలా ఒప్పించాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఒప్పించే పని పెట్టుకోకండి. ఆ కంప్యూటర్‌తో వాళ్ళు రోజూ పడే ఇబ్బంది ఒకటి ఉంటుంది. అదేమిటో కనుక్కోండి. వాళ్ళ మెషీన్ మీదే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, ఆ ఒక్క ఇబ్బంది తీరడం వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసేలా చేయండి. తర్వాత ఒక నెల రోజులు ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతానని మాటివ్వండి. ఈ రెండింటికీ తీరిక లేకపోతే అసలు వేయకండి. ఇక మీ ముగ్గురి సంగతి: నాన్నగారికి ధైర్యంగా వేయొచ్చు, పిన్నిగారికి ప్రింటర్ చూశాక వేయొచ్చు, బావగారికి వద్దు. కారణాలు కింద చెప్తాను.

నేను గుంటూరు అరండల్‌పేటలో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. లినక్స్ అంటే నాకు చాలా ఇష్టం. ఇష్టం కాబట్టే ఎవరికి పడితే వాళ్ళకి వేయను. ఒకసారి చేదు అనుభవమైన మనిషి మళ్ళీ దాని మొహం చూడడు, పక్కింటివాళ్ళని కూడా చూడనివ్వడు.

ముందు, మీ మాట ఎందుకు ఎక్కలేదో చూద్దాం. "ఉచితం" అంటే మన ఊళ్ళలో ఎవరూ కదలరు. వాళ్ళ లెక్కలో విండోస్ కూడా ఉచితమే. ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చింది, లేదా షాపులో మూడు నాలుగు వందలు తీసుకుని వేసిచ్చారు. దానికి లైసెన్సు అనేది ఒకటి ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు. "వైరస్ రాదు" అనే మాట పూర్తిగా నిజం కాదు కాబట్టి ఆ మాట అసలు వాడొద్దు. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకు నొక్కితే ఏ ఓఎస్ అయినా డబ్బు పోతుంది. సోర్సు కోడ్, అంటే ప్రోగ్రామ్ లోపల రాసింది, అందరూ చూడొచ్చు అన్నది మనకి గొప్ప విషయం. కరెంటు బిల్లు కట్టడానికి కూర్చున్న మనిషికి ఆ సమయంలో అది పట్టదు.

మన దగ్గర ఏదైనా కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే మొదట వచ్చే ప్రశ్న "ఎవరు ఇప్పించారు?" అని. చెడిపోతే రెండో ప్రశ్న "ఎవరిని పిలవాలి?" అని. నాన్నగారి వయసువాళ్ళకి ఓఎస్ మంచిదా చెడ్డదా అన్నదానికంటే ఈ రెండో ప్రశ్నకి జవాబే ముఖ్యం. ఆ జవాబు మీరే కావాలి. వాళ్ళు మిమ్మల్ని నమ్మి మారతారు.

ఏ మాట పనిచేస్తుంది? నా అనుభవంలో మూడు పనిచేశాయి. మొదటిది, "ఈ ల్యాప్‌టాప్ పారేయక్కర్లేదు." విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పొడిగింపు పథకంలో నమోదు చేసుకున్న ఇళ్ళకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకానే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే ఐదో తరం, ఆరో తరం ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లు స్క్రీన్, కీబోర్డు అన్నీ బాగున్నా పక్కన పెట్టాల్సిన పరిస్థితి. కొత్తది కొనాలంటే ఎంతవుతుందో వాళ్ళకి తెలుసు. ఉన్నదే ఇంకొన్నేళ్ళు నడుస్తుందంటే చెవి ఇటు పెడతారు.

రెండోది, క్రాక్ విండోస్ సంగతి. ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు, తెలియాలి కాబట్టి చెప్పేది. షాపుల్లో వేసే చాలా కాపీల్లో లైసెన్సు బదులు ఒక యాక్టివేటర్ ప్రోగ్రామ్ నడుపుతారు. దాన్ని నడపడానికి ముందు యాంటీవైరస్ ఆపేస్తారు. ఆ ప్రోగ్రామ్ ఎవరు రాశారో, లోపల ఏముందో వేసిన కుర్రాడికి కూడా తెలియదు. అదే మెషీన్‌లో నాన్నగారు పెన్షన్ పడే బ్యాంకు ఖాతా తెరుస్తున్నారు. ఈ మాట నిదానంగా చెప్తే ఎవరైనా ఆలోచిస్తారు.

మూడోది, వేరేవాళ్ళు వాడుతున్నారన్న భరోసా. నాన్నగారు టీచరు కాబట్టి కేరళ సంగతి చెప్పండి. అక్కడ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి పిల్లలూ టీచర్లూ లినక్స్ మీదే పాఠాలు నడుపుతున్నారు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. తెలుగులో ఓఎస్ ఉండాలని స్వేచ్ఛ సంస్థవాళ్ళు డెబియన్ ఆధారంగా చాలాకాలం కిందటే పని మొదలుపెట్టారు. మీరు ఈ రెంటినీ వేయమని నేననను, ఇంట్లోకి లినక్స్‌లోనే మింట్ అనే రకం తేలిక. అయితే "ఇది ఎవరో ఇద్దరు కుర్రాళ్ళ సరదా కాదు" అని తెలియడానికి ఈ కబురు బాగా పనికొస్తుంది.

పెన్‌డ్రైవ్ రోజు ఏం చేయాలి

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లినక్స్ మింట్ ఐఎస్ఓ (ఓఎస్ మొత్తం ఉండే ఫైలు) దింపి, రూఫస్, ఎచర్ అనే ప్రోగ్రాముల్లో ఒకదానితో పెన్‌డ్రైవ్ మీద రాయండి. ర్యామ్ 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. 2 జీబీ మెషీన్లకి ఆశ పెట్టకండి. ఓఎస్ లేస్తుంది, కానీ బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచేసరికి ఉక్కిరిబిక్కిరవుతుంది.

లినక్స్‌లోనే ఇంకో రకమైన ఉబుంటు ఎందుకు కాదంటారేమో. ఉబుంటు మంచిదే, మింట్ కూడా దాని మీదే కట్టింది. కానీ మింట్‌లో కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి. పాత విండోస్ అలవాటున్న చెయ్యి తనంతట తానే అక్కడికి పోతుంది. మింట్ 22 వరసకి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. అప్పటిదాకా పెద్ద మార్పు ఏదీ వాళ్ళ నెత్తిన పడదు. పెద్దవాళ్ళకి అన్నిటికంటే కావాల్సింది అదే.

పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాక మౌస్ మీరు పట్టుకోకండి. కుర్చీలో వాళ్ళే కూర్చోవాలి. "రోజూ ఏం చేస్తారో అదే చేయండి" అని చెప్పి పక్కన ఉండండి. యూట్యూబ్‌లో ప్రవచనమో, ఈనాడు పేజీయో, వాట్సాప్ వెబ్బో, తిరుమల గదుల బుకింగో, వాళ్ళిష్టం. డిస్ట్రో, కెర్నల్, టెర్మినల్ అన్న మాటలు ఆ గంటసేపు నోట రాకూడదు. ఆదేశాలు టైపు చేసే ఆ నల్ల తెర (టెర్మినల్) తెరిస్తే కథ అక్కడితో సరి. విండోస్‌ని తిట్టడం కూడా వద్దు. ఇన్నేళ్ళు వాళ్ళు వాడిన వస్తువది, దాన్ని తిడితే వాళ్ళని అన్నట్టే ఉంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు కొంచెం నెమ్మదిగా ఉంటుందని ముందే చెప్పండి. ఇదే సమయంలో మీరు చూసుకోవాల్సినవి వైఫై, స్పీకరు, కెమెరా, ప్రింటర్. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్పులకి వైఫై వెంటనే రాదు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి (ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది), డ్రైవర్ మేనేజర్‌లో డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) దింపితే చాలావరకు సరిపోతుంది. ఇదంతా వాళ్ళ ముందు చేయకుండా ముందురోజే చూసి పెట్టుకోండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేస్తే వచ్చే వేగం, ఓఎస్ మారిస్తే వచ్చే వేగం కంటే ఎక్కువ. నేను రెండూ కలిపి చేస్తాను, ఏది ఎందుకు వేగమైందో దాచకుండా చెప్తాను. పాత డిస్క్‌ని ఒక కేసులో పెట్టి వాళ్ళ చేతికే ఇస్తాను. "మీ విండోస్, మీ ఫోటోలు అన్నీ అందులో ఉన్నట్టే ఉన్నాయి, నచ్చకపోతే తిరిగి బిగించేస్తా" అంటే మనిషికి సగం భయం పోతుంది. ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచే డ్యూయల్ బూట్ కంటే ఇదే నాకు నచ్చిన పద్ధతి. డ్యూయల్ బూట్ అంటే ఆన్ చేయగానే నల్ల తెర మీద ఎంచుకోమంటుంది. అటు విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తుంది, ఎందుకంటే లినక్స్ మదర్‌బోర్డులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్ని మన సమయం అనుకుంటుంది. టైము తప్పితే కొన్నిసార్లు బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోకపోవచ్చు. లినక్స్‌లో ఒక సెట్టింగుతో పోయే సమస్యే, కానీ మీకు తెలియకపోతే తలనొప్పి.

డ్యూయల్ బూటే కావాలంటే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) సంగతి చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఆ తాళం పడి ఉండొచ్చు. బయోస్‌లో (ఆన్ చేయగానే ఓఎస్ కంటే ముందు నడిచే సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ మార్చగానే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కీ కాగితం మీద రాసుకున్నాకే చెయ్యి పెట్టాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి, లేకపోతే ఆ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి ఒప్పుకోకపోవచ్చు.

వేశాక అమర్చే తీరు

దీనికి ఒక పూట కేటాయించండి. డెస్క్‌టాప్ మీద వాళ్ళు వాడే నాలుగైదు బొమ్మలే ఉండాలి, పేర్లు తెలుగులో పెట్టండి. మింట్‌లో వెబ్ యాప్స్ అనే సాధనం ఉంది, ఏ సైటునైనా విడి ప్రోగ్రామ్‌లా పెడుతుంది. బ్రాడీపేటలో ఒక రిటైరైన తెలుగు మాస్టారికి నేను "కరెంటు బిల్లు" అని పెట్టి సీపీడీసీఎల్ పేజీకి కలిపాను. ఆయనకి లినక్స్ మీద ఇష్టం కుదిరింది అక్కడే. అంతకుముందు సైటు వెతుక్కుంటూ ప్రకటనల్లోకి వెళ్ళిపోయేవారు. అక్షరాల సైజు పెంచండి. అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి వారానికో స్నాప్‌షాట్ పెడితే, ఏదైనా చెడితే ముందు స్థితికి తెచ్చేయొచ్చు. ఒక్కటి మర్చిపోకండి: టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టమ్‌ని మాత్రమే, ఫోటోలకి వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

తెలుగు టైపింగ్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, మన దగ్గర మారిన మనిషి వెనక్కి పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డు) వచ్చినవాళ్ళకి ఏమీ వేయక్కర్లేదు, కీబోర్డు లేఅవుట్లలో తెలుగు కలుపుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళకి ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేస్తే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు వస్తాయి. కానీ ఫోన్‌లో లాగా మనం తప్పు కొట్టినా ఊహించి సరిచేయదు. దీర్ఘాలు, ఒత్తులు నియమం ప్రకారం కొట్టాలి. ఇది ముందే చెప్పి, ఒక కాగితం మీద గుణింతం రాసి ఇవ్వండి. డీటీపీవాళ్ళకి అలవాటైన ఆపిల్ పేరుతో కూడా అందులో ఒక లేఅవుట్ ఉంది. అది తమ చేతి అలవాటుకి సరిపోతుందో లేదో ఒక పేజీ కొట్టి చూసుకోవాలి. ఫాంట్ల విషయంలో దిగులు లేదు. పోతన, వేమన ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు లాంటివి స్వేచ్ఛగా దొరుకుతాయి. మాస్టారు తన పద్యాలు లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) మండలి ఫాంట్‌తో కొట్టి, పీడీఎఫ్ చేసి మనవరాలికి పంపుతున్నారు.

ఎవరికి వేయకూడదు

ఇక్కడ మొహమాటం వద్దు. మీ బావగారి కమీషన్ కొట్టు లెక్కలు ట్యాలీలో ఉన్నాయని రాశారు. ట్యాలీకి లినక్స్ వెర్షన్ లేదు. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ అనే దారిలో నడిపినవాళ్ళు ఉన్నారు, కానీ యార్డులో సీజన్ నడుస్తూ రైతు పట్టీ కోసం నిలబడి ఉన్నప్పుడు అది మొరాయిస్తే మీ బావగారు మిమ్మల్ని జన్మలో క్షమించరు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో ఫైలింగ్‌లు చేసే ఆఫీసులదీ అదే దారి. ఆధార్ వేలిముద్ర పరికరం పెట్టుకుని పనిచేసే సెంటర్లకి అసలు వద్దు, వాటి సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ చేసినది.

విజయవాడలో ప్రింటింగ్, డీటీపీ పనివాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అను ఫాంట్లూ పేజ్‌మేకరూ వాళ్ళ బతుకుతెరువు. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కావు, వాటితో చేసిన పాత ఫైళ్ళు లినక్స్‌లో తెరిచినా అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. ఏలూరు రోడ్డు దగ్గర ఒక డీటీపీ ఆపరేటర్ తనకి వేయమని తానే అడిగితే ఆఫీసు మెషీన్‌కి నేను వద్దన్నాను, ఇంట్లో వాళ్ళమ్మాయి చదువుకునే ల్యాప్‌టాప్‌కి వేశాను. ఆ అమ్మాయికి ఏదైనా ఆన్‌లైన్ పరీక్ష వస్తే మాత్రం ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఏమిటో ముందు కనుక్కోమన్నాను. కెమెరాతో కాపలా కాసే పరీక్షల ప్రోగ్రాములు ఎక్కువగా విండోస్ అడుగుతాయి. ఉద్యోగం కోసం ఎంఎస్ ఆఫీసే నేర్చుకోవాల్సిన పిల్లలకీ, మాక్రోలు పెట్టిన ఎక్సెల్ ఫైళ్ళతో బతికే అకౌంటెంట్లకీ విండోస్ ఉంచేయండి. మామూలు ఉత్తరాలకీ జాబితాలకీ లిబ్రేఆఫీస్ హాయిగా సరిపోతుంది.

మీరు అడగని ఒక విషయం

మారినవాళ్ళు వెనక్కి పోవడానికి నేను చూసిన పెద్ద కారణం లినక్స్ కాదు, వీధి చివర సర్వీసు షాపు. మీరు ఊళ్ళో లేరు, ప్రింట్ రావడం లేదు, ఎవరో ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకి వెళ్తారు. అక్కడి కుర్రాడు తెర చూసి "ఇదేంటండీ, ఇది పనికిరాదు, విండోస్ వేసేస్తా" అని అక్కడికక్కడే ఫార్మాట్ కొడతాడు. ఓఎస్‌తో పాటు ఫోటోలు, పద్యాలు అన్నీ పోతాయి. ఇలా పోయినవాటిని తిరిగి తీయమని నా దగ్గరికి తెచ్చినప్పుడు నాకు చాలా బాధేస్తుంది, అన్నీ తిరిగి రావు కూడా.

అందుకే మూత లోపలి అంచున ఒక స్టిక్కర్ అంటించండి: "ఇందులో లినక్స్ ఉంది. ఫార్మాట్ చేయొద్దు. ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని మీ నంబరు. ఇంట్లో ఇంకొకరికి, పదో తరగతి పిల్లాడైనా సరే, ప్రింటర్ కలపడం, వైఫై కలపడం నేర్పండి. వీలైతే ఆ షాపు కుర్రాడికే ఒకసారి మింట్ చూపించండి. వాళ్ళు మనకి శత్రువులు కాదు, ఎవరూ చూపించలేదంతే. మా వీధిలో ఇద్దరు ఇప్పుడు తామే అడిగి పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళారు.

మొదటి నెలలో వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. దింపిన ఫైలు ఎక్కడికి పోయింది, ఈఎక్స్ఈ ఫైలు (విండోస్ ప్రోగ్రామ్) ఎందుకు తెరుచుకోదు, పెన్‌డ్రైవ్ ఎలా తీయాలి. విసుక్కోకండి. రెండోసారి అదే అడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్పండి. వాళ్ళు మిమ్మల్ని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినప్పుడు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి, ఎవరో దూరాన ఉన్నవాళ్ళు దీన్ని అందరి కోసం ఎందుకు రాసి పెట్టారు అన్న కబుర్లు ఈ నెల గడిచాక చెప్పండి. అప్పుడు వింటారు, వాళ్ళే అడుగుతారు కూడా. మాస్టారు ఒకరోజు "ఇంత పని చేసి డబ్బు అడగలేదా వాళ్ళు?" అని ఆశ్చర్యపోయి, నా చేత విరాళం ఎలా కట్టాలో చెప్పించుకుని మరీ కట్టారు.

ఇక పిన్నిగారి సంగతి. ఆవిడకి కావాల్సింది సీసాల మీద అంటించే లేబుళ్ళు, బిల్లు, వాట్సాప్. లేబుళ్ళు లిబ్రేఆఫీస్‌లో చక్కగా వస్తాయి, ఒకసారి నమూనా చేసి ఇస్తే తేదీ మార్చుకుంటూ పోతారు. మొత్తం ప్రింటర్ మీదే ఆధారపడి ఉంది. హెచ్‌పీ అయితే చాలా మోడళ్ళకి హెచ్‌పీలిప్ డ్రైవర్ ఉంది, పెద్దగా తిప్పలు ఉండవు. జెరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లు తమ సొంత భాష తప్ప వేరేది ఒప్పుకోవు, వాటితో లినక్స్‌లో కుస్తీ పట్టాల్సి వస్తుంది. అలాంటిదైతే ఆవిడకి ఇప్పుడే వేయకండి, ప్రింటర్ మార్చే రోజున చూద్దాం. దసరా, సంక్రాంతి ఆర్డర్ల ముందు మాత్రం ఏదీ ముట్టుకోవద్దు.

నాన్నగారి ల్యాప్‌టాప్ మోడలు, ర్యామ్ ఎంతో, పిన్నిగారి ప్రింటర్ వెనక రాసి ఉన్న పూర్తి పేరు ఇక్కడ రాయండి. వైఫై చిప్ ఏదో కూడా డివైస్ మేనేజర్‌లో చూసి పెట్టండి. ఏ ఎడిషన్ వేయాలో, ఏ డ్రైవర్ ముందే దింపి పెట్టుకోవాలో చెప్తాను.